నూనెకు పోయిన గింజలు

మొన్న ఖమ్మంలో మా అబ్బాయి ఉండే వీధి చివర ఒకతను ట్రాలీ ఆటోలో మొక్కలు పెట్టుకుని అమ్ముతున్నాడు. నల్ల సంచుల్లో వరసగా నిలబెట్టి, ఆకులు మెరిసేట్టు నీళ్లు చల్లి ఉంచాడు. కూరగాయలకు పోతున్న నేను ఆగాను. ఒక్క పురుగు కాటు లేకుండా పచ్చగా, పొడుగ్గా ఉన్న మొక్కను చూపించి, "దీన్ని ఎవరు తింటరు?" అని అడిగాను.

అతను నవ్వాడు. "ఇది తినేది కాదమ్మా. షో మొక్క. గేటు పక్కన పెట్టుకుంటరు."

"మేక తింటదా?"

"ముట్టదు. గ్యారంటీ."

"పిట్ట?"

"ఏందమ్మా, మొక్క కొంటవా, పిట్టలకు అన్నం పెడతవా?" అన్నాడు. పక్కన బోండాలు కొట్టే మనిషి కూడా నవ్వాడు. నేనూ నవ్వి ముందుకు నడిచాను. నాలుగడుగులు వేశాక గానీ తెలియలేదు, ఆ ప్రశ్న నాది కాదని. అది గూడెం అవ్వ ప్రశ్న. ఆమె పోయి ఏడాది కావస్తోంది.

ఆమె పేరు నాకు తెలుసు. కానీ ఆమె ఉన్నన్నాళ్లు నేను పేరు పెట్టి పిలవలేదు, ఇప్పుడు రాయడానికీ చెయ్యి రావడం లేదు. నేను "అవ్వా" అనేదాన్ని. ఆమె "బిడ్డా" అనేది. అప్పటికే నాకు మనవరాలు పుట్టింది. అయినా ఆమె ముందు నేను బిడ్డనే.

మా ఊరు సారపాకకు ఇవతల, అడవి అంచున. ఆమె గూడెం ఇంకాస్త లోపల. ఆదివారం ఆరాధన అయి మేం చర్చి నుంచి బయటికి వచ్చేసరికి ఆమె ప్రహరీ పక్కన కూర్చుని ఉండేది. ఎండాకాలం మొర్రిపండ్లు, తునికిపండ్లు. వానల్లో వెదురు కొమ్ములు. చలికాలం ఉసిరికాయలు. మొర్రిపండ్లను మోదుగాకు దొప్పలో పోసి ఇచ్చేది. కొన్నవాళ్లు అక్కడే నిలబడి తింటే చెయ్యి చాపేది. "పండు మీది, గింజ నాది" అనేది. ఉమ్మిన గింజలు ఆమె చేతిలో వేయాలి. మా పాస్టరమ్మ గారు మొదటిసారి సిగ్గుపడి కొంగు చాటున ఉమ్మి, తుడిచి ఇచ్చింది. "గింజకు సిగ్గుండదు బిడ్డా" అంది అవ్వ. అందరం నవ్వాం. ఆ పాస్టరమ్మ గారే నాకు నలభై ఎనిమిదేళ్ల వయసులో అక్షరాలు నేర్పింది. ఆ రోజుల్లో ఎక్కడికి పోయినా నా సంచిలో ఒక నోటుబుక్కు ఉండేది.

మా ఆయన మా రెండెకరాల్లో జామాయిల్ పెట్టాడు. రెండుసార్లు కోసి అమ్మాడు. మూడోసారి కోతకు రాకముందే ఆయన పోయాడు. ఆ తర్వాత వచ్చిన చిగుళ్లు గిడసబారి ఉండిపోయాయి. మొదళ్లు తీయించేసరికి చేను ఎర్రగా, బోసిగా మిగిలింది. మా అబ్బాయి ఖమ్మంలో ఒక కోచింగ్ కాలేజీ ఆఫీసులో పని చేస్తాడు. పామాయిల్ పెడదామన్నాడు. నేను కొన్నేళ్లు నాకు వదిలెయ్యమన్నాను. నాకు పెద్ద ఆలోచనేమీ లేదు. కొత్త కోడలిగా ఆ చేలో మిరపకాయ కోతకు పోయినప్పుడు, మధ్యాహ్నం సద్ది విప్పుకోవడానికి నీడ ఉండేది కాదు. పక్క చేనువాళ్ల చెట్టు కిందికి పోయి, వాళ్లు ఏమంటారో అని చూసుకుంటూ తినేవాళ్లం. మా చేలోనే నాలుగు చెట్లు ఉండాలని అప్పటి నుంచీ ఉన్న కోరిక.

ఒక ఆదివారం అవ్వకు ఆ మాట చెప్పాను.

"జామాయిల్‌కు ముందు ఏముండె?" అని అడిగింది.

"మిరప."

"మిరపకు ముందు?"

"నేను కాపురానికి రాకముందు సంగతి. నాకేం తెలుసవ్వా?"

"మంగళారం వస్త" అంది.

మంగళవారం వచ్చింది. చెప్పులు గట్టు మీద విడిచి చేలోకి దిగింది. చేతులు వెనక్కి కట్టుకుని, దుక్కిలో పాదం ఆనించి, ఆగి, మళ్లీ ఆనించి నడిచేది. నేలను చూసేది కూడా కాదు. తల పైకెత్తి ఎటో చూస్తూ నడిచేది. ఒకచోట ఆగి, "ఇక్కడుంది" అంటే నేను వంగి చూసేదాన్ని. మట్టిలో బొటనవేలంత మోడు. పక్కన రెండాకుల చిగురు. నేనైతే కలుపనుకుని పీకేసేదాన్ని.

"తునికి" అనేది. ఇంకోచోట, "మొర్రి." ఇంకోచోట, "మద్ది. దీన్ని దున్నిండ్రు, నరికిండ్రు, మీద జామాయిల్ పెట్టిండ్రు. ఇంకా ఉంది చూడు."

నా పాత చీర చింపి పేలికలు చేసి ఇచ్చాను. ఒక్కో మోడు పక్కన పుల్ల గుచ్చి పేలిక కట్టింది. పొద్దు తిరిగేసరికి గట్ల వెంట, మూలల్లో పదమూడు పేలికలు ఎగురుతున్నాయి. "ఇవి నాటే పన్లేదు. నువ్వు తొక్కకుంటే చాలు" అంది. నేను నోటుబుక్కు తీసి పేర్లు రాసుకున్నాను. ఆమె వంగి ఆ అక్షరాలను చూసి, "ఇందులో తునికి ఏది?" అని అడిగింది. చూపించాను. చాలాసేపు చూసి, "బక్కగ ఉంది" అంది.

ఆమె లేనప్పుడు నేను నర్సరీకి పోయి ఇరవై మొక్కలు తెచ్చాను. పూలు బాగుంటాయని కొన్ని, తొందరగా పెరుగుతాయని కొన్ని. ఆమె వచ్చి వాటి ముందు గొంతు కూర్చుంది. ఒక్కొక్కదాన్ని గడ్డంతో చూపించి అడిగింది. ఆమె ఏ చెట్టునూ వేలితో చూపించగా నేను చూడలేదు. ఎప్పుడూ గడ్డంతోనే.

"దీన్ని ఎవరు తింటరు?"

"ఎవరూ తినరవ్వా. పూలు పూస్తది."

"దీన్ని?"

"తెల్వదు."

"తెల్వనిది ఎందుకు తెచ్చినవ్? చుట్టం కాదు, పక్కం కాదు." ఆ మొక్కను పక్కకు జరిపింది. ఆమె లెక్క ఒకటే. చెట్టన్నాక కనీసం ముగ్గురు తినాలి. నేరేడు మిగిలింది. "మనిషి, పిట్ట, ఎలుగ్గొడ్డు" అని మూడు వేళ్లు ముడిచింది.

"మా చేనుకు ఎలుగ్గొడ్డు వద్దవ్వా."

"వస్తే నీ కోసం రాదులే, భయపడకు."

ఉసిరి మిగిలింది. మిగతావన్నీ నేను ఆటో ఎక్కించి తిరిగి ఇచ్చేశాను. నర్సరీ అతను మొక్కలు చచ్చాయేమో అనుకున్నాడు. ఎవరూ తినరట అని చెప్పలేక, మా అబ్బాయి వద్దన్నాడని అబద్ధం చెప్పాను.

మొదటి వానాకాలం ఆమె ఒక్క చెట్టూ నాటనివ్వలేదు. నేరేడు, ఉసిరి కూడా సంచుల్లోనే ఉన్నాయి. పరికి కంప, తంగేడు, వావిలి తెచ్చి పేలికల చుట్టూ, గట్ల మీద పెట్టించింది. పరికి ముళ్లు చేతులకు దిగి రక్తం కారేది. దారిన పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. మేకల కాపరి ఒకతను, "ఏందక్కా, ఈ యేడు ముండ్ల సాగా? క్వింటా ఎంత?" అన్నాడు. ఆ మాట ఖమ్మం దాకా పోయింది. మా అబ్బాయి ఫోన్ చేసి, "అమ్మా, చేలో కంప పెంచుతున్నవంట" అన్నాడు.

అవ్వతో చెప్పాను. "మరి వాని మేకలను ఎవరాపాలె? నువ్వు రోజూ కట్టె పట్టుకుని కూసుంటవా?" అంది. రెండేళ్లకు ఆ కంప మధ్యలోంచి తునికి చిగుళ్లు నడుమెత్తు లేచాయి. మేకలు చుట్టూ తిరిగి మూతి కాల్చుకున్నట్టు వెనక్కి పోయేవి. ఆ తర్వాత కాపరి నన్ను ధర అడగలేదు.

నీళ్లు పోయనిచ్చేది కాదు. నేను బిందెతో వస్తే, "ఒక్క ఎండాకాలం ఓర్చుకోనియ్యి. నువ్వు పైన పోస్తుంటే వేరు కిందికెందుకు పోతది?" అనేది. చల్లగా ఉందని గట్టు మీది వావిలి నీడన పడుకునేది. లేచి, చుట్ట వెలిగించి, వాళ్ల భాషలో ఏదో పాట సన్నగా అనుకునేది. దాని అర్థమేమిటని అడిగితే, "పెండ్లి పాట. తిట్లున్నయ్ లే" అని చెప్పేది కాదు.

ఇంత చేసినా ఆమె నా దగ్గర కూలి తీసుకోలేదు. ఏమైనా తీసుకోమని గట్టిగా అడిగిన రోజు, గట్టు వైపు గడ్డంతో చూపించి, "ఆ మూల నాకియ్యి. ఇప్ప పెడత" అంది.

అప్పుడు చెప్పింది వాళ్ల ఇప్పచెట్టు సంగతి. గూడెంలో ఇంటికొక ఇప్పచెట్టు ఉంటుంది. ఎవరి చేలో ఉన్నా సరే, ఫలానా చెట్టు పువ్వు ఫలానా ఇంటివాళ్లదే. ఆమె కొత్త కోడలుగా వచ్చిన ఏడాది వాళ్లత్త ఒక చెట్టు కిందికి తీసుకుపోయి, ఇక నీదే అని చెప్పిందట. నలభై ఏళ్లు ఆ పువ్వు ఏరింది. ఆ చేను చేతులు మారింది. కొత్తగా కొన్నతను కంచె వేశాడు. మరుసటి ఎండాకాలం ఆమె బుట్ట పట్టుకుని పోతే, "నీకేం హక్కుంది, లే ఇక్కడి నుంచి" అన్నాడట. ఆ తర్వాత చెట్టూ కొట్టించాడు.

"కొడితే కొట్టిండు. అది వాని చేను. కానీ లెమ్మన్నడు బిడ్డా. సగం బుట్ట నిండింది. సగం బుట్టతోటి ఇంటికొచ్చిన. నా కోడలికి చూపించడానికి చెట్టు లేదు ఇప్పుడు."

"నా చేలో మీ ఇంటోళ్లను ఎవరూ లెమ్మనరవ్వా" అన్నాను.

"నువ్వనవ్" అంది. "నీ కొడుకు?"

నేను పక్కనున్న పేలిక ముడి బిగిస్తూ కూర్చున్నాను. ఆమె మళ్లీ అడగలేదు.

జూన్‌లో ఒకరోజు పొద్దున్నే ఇప్పగింజలు తెచ్చింది. అప్పుడే పండులోంచి తీసినవి, జిగురుగా, గోధుమరంగులో మెరుస్తున్నాయి. "ఇగో ఇప్ప" అని నా కొంగులో పోసింది. కూతురికి జ్వరమని కబురొచ్చి, ఆ పూటే వేరే ఊరు పోయింది. ఆకాశం మూసుకుని ఉంది. ఇవాళో రేపో వాన అనుకున్నాం ఇద్దరం.

వాన రాలేదు. పదిరోజులు మబ్బు పట్టడం, పోవడం. మంచి పదును పడ్డాక పెడదామని నేను ఆ గింజలను కడిగి, నాలుగు రోజులు చాప మీద ఎండబెట్టాను. మా అమ్మ మిరప విత్తనం ఎట్లా దాచేదో అట్లా బూడిద కలిపి, కొత్త కుండలో పోసి, మూతికి గుడ్డ కట్టాను. ఎంత జాగ్రత్తగా చేశానో. రోజుకోసారి కుండ ఊపి, గలగలమని మోగితే బాగా ఎండాయని సంతోషపడ్డాను. పెద్ద వాన పడ్డాక పదిహేడు గుంతల్లో పెట్టాను. ఏ రోజు పెట్టానో నోటుబుక్కులో రాశాను.

నెల గడిచింది. ఒక్కటీ మొలవలేదు.

అవ్వ తిరిగొచ్చి గుంతలు చూసింది. పుల్లతో ఒకదాన్ని తవ్వి గింజ తీసి గోటితో చీల్చింది. లోపల పప్పు ముడుచుకుపోయి ఉంది. "దీన్ని ఏం చేసినవ్?" అని అడిగింది. చెప్పాను. ఎండబెట్టడం, బూడిద, కుండ, అన్నీ.

ఆమె నవ్వడం మొదలుపెట్టింది. దగ్గు వచ్చేదాకా నవ్వింది. "నూనెకు పోయినయ్ బిడ్డా. నూనె తీయడానికి ఎండబెడతం. మొలవాలంటే పండు రాలినప్పుడే మట్టిల పడాలె. వారం ఆగదు ఇప్ప."

ఎండబెట్టకూడని విత్తనం ఉంటుందని నాకు తెలియదు. విత్తనం ఎండబెట్టేవాళ్లుంటారని ఆమెకు తెలియదు. అందుకే ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

నవ్వు ఆగాక గట్టు మీద కూర్చుంది. "ఇంకో యేడు" అంది. తర్వాత నా వైపు తిరిగి, "ఇప్ప పూతకు పదేండ్లు. పన్నెండు గూడ పట్టొచ్చు. నాకెన్నుంటయంటవ్?" అని అడిగింది. బేరమాడే గొంతుతో అడిగింది, ఏడుపు గొంతుతో కాదు. దానికే నాకు ఏడుపొచ్చింది. "ఏడవకు. నువ్వు ఎండబెట్టినందుకు చెట్లకేం కోపం రాలే" అంది. ఆ రోజు మాత్రం పెందరాళే వెళ్లిపోయింది.

మరుసటి ఏడు మా వైపు ఇప్పచెట్లు సరిగా కాయలేదు. వాటికి ఒక ఏడు బరువు, ఒక ఏడు ఖాళీ. అవ్వ ఎవరికీ చెప్పకుండా గోదావరి దాటి, భద్రాచలం అవతల లోపలెక్కడో ఉన్న తన పుట్టిన ఊరికి పోయింది. రెండు బస్సులు, ఆపైన నడక. మర్నాడు మధ్యాహ్నం మా ఊరి స్టేజీ దగ్గర దిగింది. నేను చేలోనే ఉన్నాను. ఒళ్లో ఆకుల మూట, దాని చుట్టూ తడిగుడ్డ. బస్సులో కండక్టరు ఆ మూట వాసన చూసి, "ఏంది ముసలమ్మా, ఇప్పసారానా?" అన్నాడట. "ఇంకా చెట్టే కాలె, సారా ఎక్కడిది నాయనా" అని చెప్పిందట. ఆ మాట నాకు మూడుసార్లు చెప్పింది. చెప్పిన ప్రతిసారీ ఆమెకే కొత్తగా నవ్వొచ్చింది.

తుంపర పడుతోంది. మంచినీళ్లయినా తాగమన్నాను. "ముందు ఇది" అంది. ఇద్దరం మోకాళ్ల మీద కూర్చుని అప్పటికప్పుడే పెట్టేశాం. ఆమె గింజను మట్టిలో పెట్టి, పైన అరచేయి ఆనించి, కాసేపు అట్లాగే ఉంచి తీసేది. జ్వరమొచ్చిన పిల్ల నుదురు చూసినట్టు. మూడు వారాల తర్వాత ఎర్రటి చిగుళ్లతో పదకొండు లేచాయి. నేను గూడేనికి పరిగెత్తి పోయి చెప్పాను. నడివయసు వచ్చాక నేనెప్పుడూ అంతగా పరిగెత్తలేదు. ఆమె వచ్చి చూసి, గట్టు మీద కూర్చుని చుట్ట వెలిగించింది. ఆ రోజంతా అక్కడే ఉంది.

పదకొండులో అయిదు బతికాయి. మెల్లగా పెరిగాయి. పక్కన నేరేడు గబగబా లేస్తుంటే ఇప్పలు ఏడాదికి జానెడు లేచేవి. ఆమె వచ్చినప్పుడల్లా వాటి పక్కన నిలబడి కొలుచుకునేది. మోకాలి దాకా, నడుము దాకా, చెవి దాకా. ఒక వేసవిలో పక్కన నిలబడి చూస్తే చెట్టు ఆమెను దాటింది. "ఇగ నన్ను చూడదు ఇది" అంది. గట్టు పక్కదాన్ని గడ్డంతో చూపించి, "ఇది నా కోడలిది. మిగిలినయి నీయి, పిట్టలయి, ఎవరయినా సరే" అంది. అదే చివరిసారి రావడం.

కిందటి వానాకాలం జ్వరం పట్టుకుంది. భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయారట. నాకు తెలిసేసరికి అంతా అయిపోయింది. గూడేనికి పోయాను. కోడలు నన్ను చూసి తల ఊపింది. అప్పటిదాకా ఆమెను నేను రెండుసార్లు చూశానంతే.

ఆ తర్వాత ఫిబ్రవరిలో మా అబ్బాయి టేపు తీసుకుని వచ్చాడు. పామాయిల్ మొక్కలకు ఎన్ని గుంతలు పడతాయో కొలవడానికి. నన్ను బండి మీద ఎక్కించుకుని చేనుకు తీసుకుపోయాడు. చెట్ల కింద తిరిగి చూశాడు. మొర్రి, తునికి, మద్ది, నేరేడు. తర్వాత గట్టు వైపు చూసి, "ఈ పక్కనన్నా తియ్యాలె అమ్మా. ఇప్పలు ఇంకెప్పుడు పూస్తయి?" అన్నాడు.

"ఇంకో నాలుగైదేండ్లు పడుతది."

"ఆమె గూడ పోయింది గదా. నువ్వు మాటిచ్చింది ఆమెకు. ఇంకెవరి కోసం?"

"నీ కొడుకు?" అని అవ్వ ఆ రోజు అడిగింది ఇందుకే. అప్పుడే గట్టు అవతల ఎవరో నిలబడి ఉండడం చూశాను. అవ్వ కోడలు. లోపలికి రాలేదు. చేతిలో చీపురు ఉంది.

"అమ్మా, గట్టు పక్కది మాదని అత్త చెప్పింది" అంది. "నిజమేనా?"

"నిజమే. రా" అన్నాను.

నా వెనక మా అబ్బాయి ఉన్నాడు. ఆమె వాణ్ని ఒకసారి చూసింది. గట్టు దిగి, చెప్పులు విడిచి, ఆ చెట్టు దగ్గరికి పోయింది. కొంగు నడుముకు దోపుకుని ఊడ్వడం మొదలుపెట్టింది. రాలిన ఆకులు, పుల్లలు, పరికి ముళ్లు అన్నీ ఒక పక్కకు. నిదానంగా, మొదలు నుంచి బయటికి.

"ఏం చేస్తుందమ్మా?" అని మా అబ్బాయి మెల్లగా అడిగాడు.

"ఊడుస్తుంది. పువ్వు రాలే ముందు ఎవరి చెట్టు కింద వాళ్లు ఊడ్చుకుంటరు. ఎవరు ఊడిస్తే పువ్వు వాళ్లదే."

"పూతకే రాలే గదా అది."

"అవ్. రాలే."

టేపు వాడి చేతిలోనే ఉంది. వచ్చినప్పుడే, ఎండకు సీటు కాలుతుందని, వాడు బండిని ఆ ఇప్ప కిందే పెట్టాడు. ఆమె ఊడ్చుకుంటూ బండి దాకా వచ్చి ఆగింది. జరపమని అనలేదు. వంగి చక్రాల చుట్టూ, చక్రాల మధ్యా చీపురు పెట్టి ఊడ్వసాగింది.

మా అబ్బాయి కాసేపు చూశాడు. తర్వాత టేపు జేబులో పెట్టుకుని, పోయి, బండి స్టాండు తీసి, తోసుకుంటూ గట్టు మీదికి తీసుకుపోయి ఎండలో పెట్టాడు.